పగలు బాగానే తగులుతోంది, నైట్ విజన్ పెట్టుకోగానే గురి ఎటో పోతోంది

చీకటిపిట్ట
పగలు రెడ్ డాట్‌తో (గాజులో ఎర్ర చుక్క కనిపించే గురి పరికరం) 100 మీటర్ల దగ్గర అరచేతిలో పట్టే తూటాల గ్రూప్ వేస్తాను. గొప్పేం కాదు, నాకు చాలు. ఈ మధ్య హెల్మెట్‌కి తగిలించే ఒంటికన్ను ట్యూబ్ నైట్ విజన్ ఒకటి తీసుకున్నాను. రాత్రి సెషన్‌కి వెళ్తే 50 మీటర్లలోనే సగం తూటాలు కాగితం మీద ఉండటం లేదు.
డాట్ చుక్కలా లేదు, మసక బంతిలా ఉంటోంది. రైఫిల్ భుజానికి ఎత్తితే ట్యూబ్ వెళ్లి డాట్‌కి కొట్టుకుంటోంది, మెడ వంకర పెట్టి చూడాలి. అన్నిటికన్నా వింత ఏంటంటే టార్గెట్ మధ్యలో నల్ల వృత్తం అసలు కనబడదు! ఉత్త తెల్ల కాగితం. పక్కవాళ్ల టార్గెట్లు మాత్రం బాగానే కనిపిస్తున్నాయి.
ట్యూబ్ పాడైందా? ఐఆర్ లేజర్ (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లేజర్) పెట్టుకుంటే ఈ బాధలన్నీ పోతాయని రేంజ్‌లో ఒకాయన అన్నాడు. నిజమేనా?

పాతతూటా
డాట్ వెలుగు తగ్గించు. బాగా.

చీకటిపిట్ట
కింది దాకా తగ్గించాను అన్నా. అదే బంతి, కాస్త చిన్న బంతి.

పాతతూటా
ఆ సెట్టింగ్‌లో ఉత్త కంటికి డాట్ కనబడుతోందా? కనబడితే ఇంకా ఎక్కువే. నైట్ విజన్ సెట్టింగ్ అంటే ఉత్త కంటికి ఆనకూడదు. కొన్ని డాట్‌లకు అసలు ఆ సెట్టింగే ఉండదు, ముందు అది చూసుకో.

రేంజ్_మాష్టారు
వెలుగు ఒక్కటే కాదు, ఫోకస్ కూడా చూడాలి. ట్యూబ్‌కి రెండు రింగులుంటాయి, చాలామంది రెండిటినీ కలిపి తిప్పేస్తారు. కంటి వైపు ఉన్నది మీ కంటి పవర్ కోసం. లోపలి తెరని మీ కన్ను స్పష్టంగా చూడటానికే అది, దూరంతో దానికి సంబంధం లేదు. ముందు దాన్ని తిప్పి, తెర మీద మెరిసే సన్నటి రవ్వలు పదునుగా కనిపించేలా పెట్టండి. ఇక దాన్ని ముట్టుకోవద్దు. అవతలి వైపు రింగ్ దూరం కోసం. దాన్ని ఒక నక్షత్రం మీదో, చాలా దూరంలో ఉన్న దీపం మీదో సరిచేయండి.
ఎందుకంటే రెడ్ డాట్ వెలుగు కంటికి దూరం నుంచి వస్తున్నట్టే ఉంటుంది, అద్దం మీద అతికించిన బొట్టులా కాదు. మీరు ట్యూబ్‌ని దగ్గరికి ఫోకస్ చేసి పెట్టుకుంటే (మ్యాగజైన్ మార్చడానికో, నేల చూసి నడవడానికో తిప్పి మర్చిపోతారు) టార్గెట్, డాట్ రెండూ అలుక్కుపోతాయి. మీ బంతి అదే అని నా అనుమానం.
మెడ సంగతి: పగటి ఎత్తులో ఉన్న డాట్‌ని హెల్మెట్ ట్యూబ్‌తో చూడటం కష్టమే. డాట్ కింద ఎత్తైన మౌంట్ వేయండి. తల నిటారుగా ఉండాలి, రైఫిల్ కంటి ముందుకి రావాలి. ఎత్తు మార్చాక మళ్లీ జీరో చేయాలని (గురి పెట్టిన చోటే తూటా పడేలా సరిచేయాలని) వేరే చెప్పక్కర్లేదు. పగలే చేయండి. వెనక నుంచి ట్యూబ్‌తో చూసినంత మాత్రాన డాట్ జీరో మారదు.

ఇంకు_సీసా
నల్ల వృత్తం మాయం కావడం గురించి నేను చెప్తా, ఇది నా ఏరియా. టార్గెట్ ఇంట్లో ఇంక్‌జెట్‌లో ప్రింట్ చేశావా?

చీకటిపిట్ట
అవును! ఎలా తెలిసింది?

ఇంకు_సీసా
చాలా ఇంక్‌జెట్ నలుపులు కరిగే రంగుతో చేసినవి. కంటికి నలుపు, ఇన్‌ఫ్రారెడ్‌కి గాజు. వెలుగు దాన్ని దాటి కాగితం మీద పడి తిరిగొస్తుంది, ట్యూబ్‌కి తెల్లగా కనబడుతుంది. లేజర్ ప్రింటర్ టోనర్‌లో కార్బన్ ఉంటుంది, అది ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా మింగేస్తుంది. పక్కవాళ్లవి టోనర్‌తో ప్రింట్ చేసినవో, ప్రెస్‌లో అచ్చేసినవో అయ్యుంటాయి. బట్టలదీ ఇదే కథ, పగలు నల్లగా ఉన్న చొక్కా రాత్రి పాలలా కనబడొచ్చు. చొక్కా రంగు చూసి మనిషిని గుర్తుపట్టే అలవాటుంటే మానేయండి.

వెన్నెల_వేట
ఈ ఒక్క పోస్ట్ కోసమే ఈ ఫోరమ్‌లో ఉన్నాను.

నిప్పుకన్ను
ఈ ఫోకస్‌లూ ఇంకులూ ఎందుకు, థర్మల్ (వేడిని చూపించే పరికరం) తీసుకో తమ్ముడూ. చంద్రుడున్నా లేకపోయినా ఒకటే.

పాతతూటా
వచ్చాడండీ. ఎవరైనా నైట్ విజన్ అని టైప్ చేయగానే ఈయనకి గంట మోగుతుంది.

లేజరు_లెక్క
చీకటిపిట్ట అడిగిన లేజర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ఐఆర్ లేజర్‌తో మెడ బాధ నిజంగానే పోతుంది. డాట్ లోంచి చూడక్కర్లేదు, రైఫిల్ భుజాన ఉంటే చాలు, చుక్క టార్గెట్ మీద ఉందా లేదా అని ట్యూబ్‌తో చూసుకుంటావు. అడ్డదిడ్డమైన పొజిషన్లలో దీనికి సాటి లేదు.
కానీ జీరో అర్థం చేసుకోవాలి. లేజర్ బ్యారెల్‌కి పక్కన కూర్చుంటుంది. 3 సెంటీమీటర్లు పక్కన ఉందనుకో. తూటా, లేజర్ 50 మీటర్ల దగ్గర కలిసేలా పెడితే 100 దగ్గర అవతలి వైపు 3 సెంటీమీటర్లు, 150 దగ్గర 6 సెంటీమీటర్లు తేడా వస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఇది పెరుగుతూనే పోతుంది. అలా కాకుండా రెండూ సమాంతరంగా పోయేలా పెడితే ఎంత దూరమైనా పక్కతేడా 3 సెంటీమీటర్లే. నేను రెండోదే చేస్తాను. ఎత్తు తేడాకి మాత్రం తూటా దిగుడు ఎలాగూ చూసుకోవాలి.
పరికరంలో కంటికి కనిపించే లేజర్ కూడా ఉండి, రెండూ ఫ్యాక్టరీలోనే జతకట్టి ఉంటే సాయంత్రం వెలుగులోనే జీరో చాలావరకు ముగించొచ్చు. రాత్రి ఒకసారి కాల్చి చూసుకుంటే సరి.

పాతతూటా
లేజర్‌తో మొదలుపెట్టించకండి కొత్తవాళ్లని. చుక్క నీ చేతి వణుకంతా పెద్దది చేసి చూపిస్తుంది. అది టార్గెట్ మధ్యకి రాగానే ట్రిగ్గర్ గుంజేస్తారు, తూటా కింద ఎక్కడో. డాట్‌తో చేస్తే పగలు నేర్చుకున్న ట్రిగ్గరే రాత్రి కూడా పనికొస్తుంది.

లేజరు_లెక్క
అది లేజర్ తప్పు కాదుగా. చుక్కని కదలనిచ్చి మెల్లగా ట్రిగ్గర్ నొక్కడం నేర్పాలి.

పాతతూటా
నేర్పేది ఎవరు? నువ్వొస్తావా?

లేజరు_లెక్క
పిలిస్తే వస్తా 😄 ఇంకోటి, చీకటి బాగా ముదిరితే డాట్ లోంచి చూడటం తగ్గిపోతుంది. డాట్ గాజు మీద ఎర్ర వెలుగుని వెనక్కి కొట్టే పూత ఉంటుంది. మన ట్యూబ్‌కి కావలసింది ఎరుపు, ఆ పక్కనున్న ఇన్‌ఫ్రారెడ్. డాట్ గాజు లోపలి బొమ్మ బయటి బొమ్మ కన్నా మసకగా ఉండేది అందుకే. మబ్బు రాత్రి లేజరూ ఇల్యూమినేటరూ (ఐఆర్ టార్చ్) లేకుండా ఎలా కాలుస్తావో చెప్పు.

పాతతూటా
అంత చీకట్లో టార్గెట్టే గుర్తుపట్టలేకపోతే కాల్చను. అయిపోయింది.

రేంజ్_మాష్టారు
ఇద్దరూ ఆగండి. లేజర్ గురించి చెప్పాల్సిన మొదటి మాట ఇద్దరూ చెప్పలేదు. కనిపించే లేజర్ కంట్లో పడితే రెప్ప దానంతటదే మూసుకుంటుంది. ఐఆర్ లేజర్ పడితే మూసుకోదు, కన్నుకి తెలియదు కనుక. క్లాస్ 1 అయితే కంటికి సురక్షితం అన్న లెక్కలో చేసినవి. అంతకన్నా ఎక్కువ పవర్ ఉన్న క్లాస్ 3బి వెలుగు సూటిగా పడితే రెటీనా కాలుతుంది, నొప్పి కూడా ఉండదు. ఇల్యూమినేటర్ కూడా లేజర్‌తో పనిచేసేదైతే అదే జాగ్రత్త. మా రేంజ్‌లో తక్కువ పవర్ తప్ప అనుమతించం, రైఫిల్ తూటాలు ఆపే మట్టికట్ట వైపు ఉన్నప్పుడు తప్ప లేజర్ వెలగకూడదు. మెరుగుపెట్టిన ఉక్కు, అద్దం, నీళ్ల మీద అసలే వద్దు.

చీకటిపిట్ట
మాష్టారూ, నక్షత్రం మీద ఫోకస్ పెట్టాను. బంతి చుక్క అయింది! టోనర్‌లో ప్రింట్ చేసిన టార్గెట్ కూడా నల్లగా కనబడుతోంది. ఎత్తు మౌంట్ ఇంకా రాలేదు, మెడ అలాగే ఉంది. కానీ ఒకటి అర్థం కాలేదు. మొన్న తేటగా కనబడిన చోటే నిన్న అంతా ఇసుక చల్లినట్టు కదులుతోంది. ఎడ్జ్‌లు తెలియటం లేదు.

వెన్నెల_వేట
మొన్న చంద్రుడున్నాడా?

చీకటిపిట్ట
ఉన్నాడు, దాదాపు నిండుగా.

వెన్నెల_వేట
మరింకేం. పున్నమి వెలుగు 0.1 నుంచి 0.3 లక్స్ (వెలుగు కొలత) దాకా ఉంటుంది. చంద్రుడు లేని తేట ఆకాశం 0.001 లక్స్. వంద రెట్లకు పైగా తేడా. మబ్బు పట్టిందో, చెట్ల కింద ఉన్నావో, ఇంకా తక్కువ. ట్యూబ్ చేసేది ఉన్న వెలుగుని పెంచడమే. ముందు భాగంలో వెలుగు కణాలు ఎలక్ట్రాన్లవుతాయి, సన్నటి గొట్టాల పళ్లెం వాటిని వేల రెట్లు పెంచుతుంది, చివర తెర మీద మళ్లీ వెలుగవుతాయి. వచ్చే కణాలే తక్కువైతే పెంచేది కూడా చుక్కలు చుక్కలుగానే ఉంటుంది. ఆ ఇసుక అదే. ప్రాక్టీసుకి పున్నమి రోజులే ఎంచుకుంటే గురి బాగా కుదిరిందని భ్రమ కలుగుతుంది, అమావాస్యకి వెళ్తే తెలుస్తుంది.

పాతతూటా
అమావాస్య మాట ఎత్తగానే రాకుండా పోయేవాళ్ల లిస్ట్ నా దగ్గరుంది.

నిప్పుకన్ను
థర్మల్‌కి అమావాస్య లేదు. చెప్పాను, వదిలేశాను.

గట్టుమీదోడు
నిప్పుకన్ను గారూ, థర్మల్ నేనూ వాడతాను, పొలం పాడుచేసే పందుల మీద, అనుమతితోనే. వేడిని పట్టడంలో దానికి తిరుగులేదు, గడ్డిలో పడుకున్న దాన్ని కూడా చూపిస్తుంది. కానీ కనబడటం వేరు, అదేంటో తెలియడం వేరు. దూరంలో తెల్ల మచ్చ కనబడుతుంది. అది పందా, దూడా, వంగి కూర్చున్న మనిషా? పిక్సెల్స్ తక్కువైతే మూడూ ఒకటే. ఇంకా పెద్ద బాధ, వెనక ఏముందో అది సరిగ్గా చెప్పదు. కంచె తీగ, ఎండు కొమ్మ, చుట్టుపక్కల గాలి వేడికి వచ్చేస్తే మాయమైపోతాయి. గాజు దాటి అసలు చూడలేదు, కారు అద్దం వెనక మనిషి ఉన్నా దానికి అద్దమే కనబడుతుంది. సూర్యోదయం, సూర్యాస్తమయం వేళల్లో నేలా రాయీ జంతువూ దాదాపు ఒకే వేడికి వచ్చే కాసేపు బొమ్మే చప్పబడిపోతుంది. వాన, దట్టమైన పొగమంచు సంగతి సరేసరి.
కాబట్టి వెతకడానికి థర్మల్, గుర్తుపట్టడానికి వేరే పరికరం. ఒక్కటే ఉంటే, పూర్తిగా తెలిసే దూరానికి నడిచి వెళ్లాల్సిందే. పగలే ఆ పొలమంతా తిరిగి ఏ వైపు మట్టికట్ట, ఏ వైపు ఇల్లు, ఏ వైపు దారి అని చూసుకోకుండా రాత్రి రైఫిల్ ఎత్తను.

నిప్పుకన్ను
నడిచి వెళ్లేలోపు పంది ఉంటుందా మరి?

గట్టుమీదోడు
పోతే పోతుంది. రేపు వస్తుంది.

రేంజ్_మాష్టారు
గట్టుమీదోడి పోస్ట్ ఇక్కడి అందరూ రెండుసార్లు చదవాలి. రాత్రి వేట చాలాచోట్ల నిషేధం కూడా, నైట్ విజన్, రైఫిల్ లేజర్ ఉంచుకోవడానికే విడి నిబంధనలున్న దేశాలున్నాయి. ముందు మీ చట్టం చదవండి.

డిజిటల్_దొర
ట్యూబ్ అంత ఖర్చు పెట్టలేనివాళ్లకి డిజిటల్ స్కోప్ మంచిదే అని ఎవరూ అనడం లేదేం? కెమెరా సెన్సర్, తెర, ఐఆర్ టార్చ్. పగలు కూడా వాడొచ్చు, వెలుగు పడితే కాలిపోతుందన్న భయం లేదు. 940 నానోమీటర్ల టార్చ్ పెడితే అవతల ఎర్ర మెరుపు కూడా కనబడదు. ట్యూబ్‌లు ఆ రంగుని సరిగ్గా చూడలేవు.

లేజరు_లెక్క
నిజమే, 850తో అయితే టార్చ్ వైపు చూస్తే మసక ఎరుపు తెలుస్తుంది. కానీ 940లో డిజిటల్ చూపు కూడా తగ్గుతుంది, టార్చ్ అదే పవర్‌దైనా దూరం పోదు. ఇంకా డిజిటల్‌లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. కాగితం మీద పర్లేదు, కదిలే టార్గెట్ మీద తెలుస్తుంది. నడవడానికి అయితే వద్దు, తల తిప్పితే కడుపులో తిప్పుతుంది.

డిజిటల్_దొర
స్కోప్‌గానే చెప్తున్నా, నడవమని ఎవరన్నారు.

ఇంకు_సీసా
టార్చ్ ఎవరిదైనా ఒక మాట. పొగమంచులో, దుమ్ములో, ఎత్తుగా పెరిగిన గడ్డిలో పడుకుని వెలిగిస్తే ముందున్న గడ్డే తెల్లగా మెరుస్తుంది, టార్గెట్ వెనక నల్లగా ఉండిపోతుంది. బ్యారెల్ మీద వెలుగు పడినా అంతే. టార్చ్‌ని వీలైనంత ముందుకి బిగించాలి, లేకపోతే లేచి కూర్చోవాలి. పవర్ పెంచితే ఇంకా తెల్లబడుతుంది, తగ్గించాలి.

చీకటిపిట్ట
ఇంత చదివాక లేజర్ ఇప్పుడు వద్దులే అనుకుంటున్నా. రేంజ్‌కి వెళ్లకుండా ఇంట్లో ఏం చేయొచ్చు?

రేంజ్_మాష్టారు
చాలా చేయొచ్చు, నా లెక్కన గురి కన్నా అదే ముందు. తూటాలు వేరే గదిలో పెట్టండి. ఛాంబర్ కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి, రెండూ చేయండి. తర్వాత గది చీకటి చేసి, ట్యూబ్ పెట్టుకుని, ఉత్త మ్యాగజైన్ మార్చడం, సేఫ్టీ వేయడం, బోల్ట్ లాగడం, స్లింగ్ సరిచేయడం. కళ్లతో వెతక్కుండా చేతులకి తెలియాలి. ట్యూబ్ దూరానికి ఫోకస్ అయి ఉంటే మీ చేతులు మీకే మసక. దగ్గరికి తిప్పితే టార్గెట్ మసక. రోజూ తిప్పుతూ కూర్చోవడం కన్నా తడిమి చేయడం నేర్చుకోవడం మేలు. లెన్స్ ముందు చిన్న రంధ్రం ఉన్న మూత పెడితే దగ్గరా దూరం రెండూ ఓ మాదిరిగా కనబడతాయి, కానీ వెలుగు బాగా తగ్గిపోతుంది, మసక చీకట్లో పనికిరాదు.
చూపు 40 డిగ్రీలే అని కూడా మర్చిపోకండి. ఉత్త కంటికి పక్కల నుంచి తెలిసేవేవీ ఇందులో తెలియవు. ఒంటికన్నుతో లోతు కూడా తెలియదు. మెట్టు, గుంట, పక్కవాడి రైఫిల్ మూతి, ఏదీ ఉన్నంత దూరంలో అనిపించదు. తల తిప్పుతూ చూడటం అలవాటు కావాలి, రైఫిల్ తిప్పుతూ కాదు.

పాతతూటా
ఆఖరి వాక్యం రేంజ్ గేటు మీద రాయించండి మాష్టారూ.

వెన్నెల_వేట
మా దగ్గర లైన్‌లో ఉన్న ప్రతి ఒక్కరి వీపుకీ వెలుగు పుల్ల కడతారు, ఆఫీసర్లకి వేరే రంగు. సీజ్ ఫైర్ అనగానే అందరూ కదలకుండా నిలబడతారు, తెల్ల లైట్లు వేసి రైఫిళ్లు ఒక్కొక్కటీ చూశాకే టార్గెట్ల దగ్గరికి వెళ్లనిస్తారు. లైట్లు వేసే ముందు అరిచి చెప్తారు, ట్యూబ్‌లు పైకి ఎత్తుకోమని.

చీకటిపిట్ట
అంటే తెల్ల లైట్ పడితే ట్యూబ్ పోతుందా?

లేజరు_లెక్క
ఒక్కసారికి పోదు. ఆటోగేటింగ్ ఉన్నదైతే తనంతట తాను సర్దుకుంటుంది. కాల్చినప్పుడు రైఫిల్ మూతి మంట మెరిసినా కూడా అదే కాపాడుతుంది. కానీ వెలుగు వైపే చాలాసేపు తెరిచి ఉంచితే మచ్చలు పడతాయి. లేజర్ సూటిగా పడితే అక్కడికక్కడే మచ్చ.

గట్టుమీదోడు
ట్యూబ్ తీశాక ఆ కన్ను కాసేపు గుడ్డిదైనట్టుంటుంది, భయపడకు. పూర్తి చీకటి చూపు రావడానికి అరగంట దాకా పడుతుంది. రెండో కన్ను కాపాడుకో, ఫోన్ చూడకు.

పాతతూటా
మెడ నొప్పి అన్న తమ్ముడికి చిన్న ఊరట. 1945లో ఒకినావాలో అమెరికా సైనికులు కార్బైన్ మీద ఐఆర్ దీపం, దాన్ని చూసే స్కోప్ పెట్టుకుని వాడారు, బ్యాటరీ పెట్టె ఒంటికి తగిలించుకుని. చూపు వంద మీటర్లు కూడా కష్టమే. చంద్రుడు, నక్షత్రాల వెలుగునే పెంచుకునే స్కోప్‌లు వియత్నాం యుద్ధంలో కానీ సైన్యం చేతికి రాలేదు.

నిప్పుకన్ను
నువ్వు అక్కడున్నావా ఏంటి అన్నా, నీ పేరు చూస్తే అనుమానం.

పాతతూటా
బ్యాటరీ మోసింది నేనే.

చీకటిపిట్ట
😂 ఇంకొక్క ప్రశ్న. నాది కుడి కన్ను, కుడి భుజం. ట్యూబ్ ఏ కంటికి పెట్టాలి? ఇప్పుడు కుడికే పెట్టాను.

పాతతూటా
డాట్‌తో కాల్చేవాడివి, కుడికే. డాట్ వెనక ఉన్న కంటి ముందు ట్యూబ్ లేకపోతే ఇక చూసేదేంటి.

లేజరు_లెక్క
లేజర్ కొన్న రోజున ఎడమకి మార్చు. కుడి కన్ను చీకటికి అలవాటుపడి ఉంటుంది, స్కోప్ కావాలంటే దాంతో చూడొచ్చు.

పాతతూటా
కొనొద్దని అనుకుంటున్నాడుగా, మళ్లీ మొదలెట్టావు.

రేంజ్_మాష్టారు
ఇప్పటికి కుడికే ఉంచండి. ఎత్తు మౌంట్ వచ్చాక పగలు జీరో చేసి, ఆ రాత్రి 25 మీటర్ల నుంచి మొదలుపెట్టండి, 50 నుంచి వద్దు. హెల్మెట్ వెనక బరువు సంచి లేకపోతే కట్టండి, ముందు బరువుకి తల వాలిపోతుంది, మెడ నొప్పిలో సగం దాని వల్లే. టార్గెట్లు టోనర్‌లో ఎక్కువ ప్రింట్ చేసుకురండి, మా దగ్గర కూడా ఇంక్‌జెట్టే ఉంది.